పట్టూ విడుపూ

తార్తులో జనవరి. ఎమయొగి నది గడ్డకట్టి
చేపలు పట్టే ముసలివాళ్లు
మంచుకి చిల్లులు పొడుస్తున్నారు.
ఇక్కడ మూడో అంతస్తులో లేలో
నాలుగు సీసాల నల్లసిరా వరసగా పెట్టుకుంది.
సిరా కాదది, ప్లాటినం.
మెరుపంతా పోగొట్టుకునేంత సన్నగా
తునకలైపోయిన ప్లాటినం.

ఐదు నానోమీటర్లు, మూడు, రెండు,
చివరి సీసాలో ఒకటిన్నర.

లోహాన్ని గ్రాముల్లో కొంటాం,
పని మాత్రం పైపొరే చేస్తుంది.
లోపలి పరమాణువు కూర్చుని తినే బాపతు.
అందుకే, చిన్నగా చెయ్యి, ఇంకా చిన్నగా చెయ్యి,
అని అందరూ చెప్పేదే.
పిట్ట కొంచెం, కూత ఘనం.

ఐదు నుంచి మూడుకి కూత పెరిగింది.
రెండు దగ్గర గొంతు బొంగురుపోయింది.
ఒకటిన్నర దగ్గర, ఆ క్షారజలంలో,
బుడగలు బద్ధకంగా ఒకటీ అరా.
తీగలు మార్చింది. ద్రావణం మార్చింది.
ఆఖరికి తన మీదే అనుమానమొచ్చి
మోచేతుల దాకా కడుక్కుంది.
తెర మీద గీత మళ్లీ అక్కడే వంగింది.

గాజు ఊదే హెల్దుర్ కింది నుంచి వచ్చాడు,
పగిలిన సెల్లుకి కొత్త మెడ అతికించి.
"ఏమంటోంది నీ వెండి?"
"వెండి కాదు. మూలల్లోని పరమాణువులు
హైడ్రోజన్‌ని పట్టుకుంటున్నాయి, వదలట్లేదు."
"ఏం, పాపం?"
"చదునైన ముఖం మీదున్నదానికి
తొమ్మిదిమంది ఇరుగుపొరుగు.
మూలదానికి ఐదుగురో ఆరుగురో.
తునక చిన్నదయ్యేకొద్దీ మూలల వాటా ఎక్కువ.
చేతులు ఖాళీ కదా,
వచ్చినవాణ్ణి గట్టిగా పట్టేసుకుంటాయి.
పట్టుకోవాలి, లేకపోతే పని మొదలవదు.
విడవాలి, లేకపోతే పని ముగియదు."

హెల్దుర్ మాట్లాడలేదు.
ఫ్లాస్కు మూత తిప్పాడు. నల్లరొట్టె విరిచాడు.
తర్వాత మొదలుపెట్టాడు:
పొయ్యిలో పగిలిన ఇటుక,
నిరుడు పోయిన కుక్క, దాని కుంటి కాలు,
మెట్లమీద ఎదురయ్యేవాళ్లు ఇప్పుడు ఇద్దరే,
అందులో ఒకామెకి చెవుడు.
లేలో ఒకసారి గడియారం చూసింది.
ఇంకోసారి చూడకుండా ఆపుకుంది.
ఎనిమిదింటి బస్సు కిటికీ కింద నుంచే పోయింది.

ముసలాయన ఉన్నట్టుండి లేచాడు.
"పో అమ్మాయ్. నేనూ మూల పరమాణువునే,"
అని నవ్వి, టోపీ మర్చిపోయి వెళ్లాడు.

రాత్రంతా యంత్రం నడిచింది.
పొద్దున సూక్ష్మదర్శిని కింద
ఒకటిన్నరవి సగం కనబడలేదు.
కొన్ని కరిగి పెద్దవాటి ఒంట్లో చేరాయి,
కొన్ని జరిగి జరిగి పక్కదాన్ని అంటుకున్నాయి.
నోటుపుస్తకంలో "క్షీణత" అని రాసింది.
అదే సరైన పదం. కొట్టేయలేదు.
కింద "మూడు చాలు" అని రాసి,
అంతగా పగలని సెల్లొకటీ, టోపీ ఒకటీ పట్టుకుని
మెట్లు దిగింది.