నీలం

రిజే కొండవాలున జెకియే అత్తగారు నాటిన
హైడ్రేంజియా మొదట్లో గులాబీరంగు పూసేది.
పక్కనంతా మొక్కజొన్న.

తర్వాత తేయాకు. ఏటికి మూడు కోతలు,
కోతకో దఫా గోతాలకొద్దీ ఎరువు,
మట్టిలో ఉన్న కాస్త సున్నాన్నీ
నల్లసముద్రపు వాన కడుక్కుపోయింది.
యాభై ఏళ్లు.

మట్టి పట్టుకెళ్లిన కుర్రాడు తిరిగొచ్చి
మూడున్నర అన్నాడు, తనదే తప్పన్నట్టు.
మూడున్నరంటే మన చారులో చింతపండు.
జెకియే కాగితం ముట్టుకోలేదు,
గుమ్మం వైపు గడ్డం ఎత్తి చూపించింది:
పూలన్నీ ముదురు నీలం.
“ఇది చెప్పి చాలా ఏళ్లయిందిలే.”

మొన్న వసంతంలో గుప్పెడు మొక్కజొన్న గింజలు నాటి చూసింది.
జానెడెత్తున ఆగాయి; పీకితే
వేళ్లు కాలిన అగ్గిపుల్లలు.

కత్తెరకు సంచి తగిలించుకుని
మళ్లీ వరుసల్లోకే దిగింది.
ఆ నేలలో తేయాకొక్కటే
ఏమీ ఎరగనట్టు చిగురిస్తోంది,
కాస్త ఆలస్యంగా.