కాలరు లోపలి పేర్లు

గుంతకల్లు. జూన్ ఆఖరు. వాన ఇంకా బాకీనే.
ఆరో తరగతి గదిలో, పిల్లల బెంచీల మీద
మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చున్న పెద్దవాళ్లు.
నల్లబల్ల మీద లెక్క నేనే రాశాను:
బూడిదరంగు చొక్కా, నీలం నిక్కరు, టోపీ, బెల్టు,
మెడకు స్కార్ఫు, దాన్ని బిగించే తోలు ఉంగరం,
నల్లబూట్లు, మేజోళ్లు.
మొత్తం రెండువేల నూట నలభై.
ఆఖరి సున్నా దగ్గర సుద్దముక్క విరిగింది.

"స్కార్ఫు ఒక్కటి చాలు గదా సార్,
సేవ చేసేదానికి నిక్కరు రంగెందుకు?"
ఎరువుల అంగడి చెన్నకేశవులు.

"అట్లయితే రూలు పుస్తకమెందుకు?"
రిటైరైన రైలు గార్డు ఇమ్మానుయేలు.
ముప్పయ్యేళ్లు పచ్చజెండా ఊపిన చెయ్యి
గాల్లోకి లేచి అట్లే ఉండిపోయింది.
"బెల్టు బిళ్ళ జిల్లా ఆఫీసుదే ఉండల్ల. బజారుది చెల్లదు."

బజారుది నలభై రూపాయలు తక్కువ.

"గుడ్డ తెచ్చిస్తే కూలి లేకుండా కుడతా," అన్నాడు టైలరు దస్తగిరి,
"అయితే మీ బూడిదరంగూ నా బూడిదరంగూ
ఒకటే అని ఎవరన్నా రాసియ్యల్ల."
బూడిదలో ఎన్ని రకాలున్నాయో
ముప్పావుగంట మాట్లాడుకున్నాం.

గూడ్సుషెడ్డులో మూటలు మోసే వన్నూరప్ప
అంతసేపూ తలుపు దగ్గరే నిలబడ్డాడు.
ఖర్చు తగ్గించమనే మా జట్టులో చేరతాడనుకున్నాను.
"రూలు తీసెయ్యొద్దు సార్," అన్నాడు.
"స్కార్ఫు ఒకటే అంటిరా,
దాని కింద మావోడు ఏం తొడుక్కోనొచ్చినాడో
ఊరంతా చూస్తాది.
అందరికీ ఒకే చొక్కా ఉంటే
వాడు దాంట్లో దాంకుంటాడు.
రూలు అట్లే ఉండనీ. రేటు సంగతి చూడండి."

బయట గూడ్సుబండి.
మా ఊళ్లో ఎంత పెద్ద వాదమైనా
ఆఖరి పెట్టె దాటేదాకా ఆగాల్సిందే.

అది దాటాక, వరండాలోంచి వాడి కొడుకు ఎర్రిస్వామి
ఎవరూ అడక్కుండానే చెప్పాడు:
"మే నెల్లో రెండో ప్లాట్‌ఫారం మీద
జనరల్ పెట్టెల కాడ నీళ్లు పోస్తాంటిమి సార్.
కిటికీలోంచి ఒకాయన నాకు రెండ్రూపాయలిచ్చినాడు.
పక్కన యూనిఫారంలో ఉండే ధీరజ్‌కు
థాంక్స్ చెప్పినాడు."
"ఆ రెండ్రూపాయలు ఏం చేసినావురా?"
"బ్యాగులోనే ఉండాయి."

ఆ రోజు ఏమీ తేలలేదు.
మినిట్స్ పుస్తకంలో "చర్చించడమైనది" అని రాసి
సంతకాలు తీసుకున్నాను.
ఇమ్మానుయేలు మాత్రం
బెల్టు బిళ్ళ గురించి విడిగా ఒక లైను రాయించాడు.

శనివారం నుంచి, ఎవరూ చెప్పకపోయినా,
స్టాఫురూములోని రేకుపెట్టెలోకి పాత చొక్కాలు రావడం మొదలైంది.
దస్తగిరి మడతలు విప్పి పొడవు పెంచాడు.
విప్పిన చోట గుడ్డ కొత్తగా, ముదురుగా,
ఎండ తగలని చర్మంలా ఉంది.
కాలరు లోపల మార్కింగు సిరాతో పేర్లు:
హరీష్ కొట్టేసి ఓబులేసు,
ఓబులేసు కొట్టేసి షఫీవుల్లా,
ఇక చోటు లేక, కుట్టు మీదుగా ఎక్కి దిగుతూ, ఎర్రిస్వామి.
రాత్రి నేనొక్కణ్ణే కూర్చుని
ఆ కొట్టేసిన పేర్లన్నీ చదివాను.

పెట్టె అడుగున ఒక చొక్కా,
ఎవరికీ కొలత సరిపోనిది, కాలరులో ఏమీ రాయనిది.
పోయినేడు ర్యాలీకి ముందురోజు తనిఖీలో
గోధుమరంగు బూట్లేసుకొచ్చాడని
మద్దిలేటిని వరుసలోంచి పక్కకు నిలబెట్టాను.
మర్నాడు వాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.
వారానికి వాళ్లమ్మ చొక్కా ఇస్త్రీ చేసి తెచ్చి
బల్ల మీద పెట్టిపోయింది.

రూలు ఆ రోజు నావైపే ఉంది.
పేజీ నంబరు కూడా ఇంకా గుర్తుంది.