పన్నెండుంబావు

కుడి తొడ పదమూడు.
ఎడమ తొడ పన్నెండుంబావు.
నారాయణగూడ ఫ్లైఓవర్ కింద
పద్దెనిమిదేండ్లు ఊరందరి నడుములు కొలిచిన టేపు ఇది,
అబద్ధం చెప్పదు.

పుట్టిన్నాడే చూసిన.
తడి తుడిచి నర్సు నా చేతుల పెడితే
ఒంటి ఎడమ సగం మీద ఊదారంగు వల.
చలికేమో అనుకున్నం. దుప్పటి కప్పినం.
ఎండకు పెట్టినం.
వల సన్నబడ్డది గాని పోలే.

మా అత్త ముక్కు మీద వేలేసుకొని
"చిటికి కట్టు వదులైనట్టుందే,
రంగు లోపలికి దిగింది" అన్నది.
మగ్గం విడిచి ముప్పై ఏండ్లైనా
ఆమెకు లోకమంతా నూలే.

నిలోఫర్ల డాక్టర్ ఫర్హానా
చీటీ వెనక పేరు రాసిచ్చింది.
క్యూటిస్ మార్మొరాటా... మిగతాది నాకు నోరు తిరగలే.
తోలు కింది సన్న నెత్తురు తొవ్వలు వెడల్పైతయంట.
చాలా అరుదమ్మా, అన్నది.
మా ఇంట్ల అరుదైనవి అప్పటిదాక రెండే:
ఆదివారం సెలవు,
పై అంతస్తుకెక్కే నల్లా నీళ్లు.

ఇదొక్కటే రాకపోవచ్చు, అన్నది మళ్ల,
పిలవని చుట్టాల లెక్క చెప్పినట్టు.
కాలు సన్నబడొచ్చు, పొట్టి కావచ్చు,
కంట్ల ఒత్తిడి పెరగొచ్చు,
చర్మం పగిలి పుండు పడొచ్చు,
ఏదీ రాకపోవచ్చు గూడ.
ఆ 'వచ్చు' కాడ ఆరేండ్ల సంది కూసున్న.
ఆర్నెల్లకోసారి కంటి పరీక్ష.
చుక్కల మందు మంటకు ఏడ్వకుండ
బస్సు నంబర్లు అప్పజెప్తది నా బిడ్డ.

కాలు ఒక్కటే వచ్చింది. ముప్పావు అంగుళం.
వచ్చినందుకు పీట వేసినం.

కోఠి బస్సుల ఒకామె
"చిన్నపిల్లను గిట్ల కొడ్తరా" అని నా మీద లేచింది.
కండక్టర్ గూడ తిరిగి చూసిండు.
నేనేం చెప్పలే. ఆ రాత్రి
ఇందుజ గౌన్లన్నిటికీ పైజామాలు కుట్టిన.
ఎడమ కుట్టు ముప్పావు లోపలికి,
ఎవరికీ తెల్వకుండ.

డిసెంబర్ పొద్దున
ఇస్త్రీ చేసిన వెచ్చటి బట్టల మీద
కాలు చాపి కూసున్నది.
"అమ్మా, దాక్కుంటున్నది చూడు."
లేచిపోయి బకెట్ల కాలు ముంచింది.
"మళ్ల వచ్చింది!"
పక్కింటి నౌషీన్‌ను పిలిచి
టికెట్ లేకుండ రెండుసార్లు చూపించింది.

పెద్దగైతే వెలిసిపోతదంట, అన్న,
సంతోషపెడ్తున్న అనుకొని.
పిల్ల మొకం చిన్నబోయింది.
"మంచి రంగు వెలవదని
గిరాకీలకు చెప్తవ్ గదనే?"

కత్తెర నా చేతుల్నే ఉన్నది.
మోకాలి దాక లంగా కావాలన్నది.
టేపు తీసిన.
నిలబడు, కదలకు, అన్న.
అది కదులుతనే ఉన్నది.