ఉప్పు లెక్క

ఇల్లు కొత్తది కాదు, మాకు కొత్త.
మల్కాపురంలో, రిఫైనరీ మంట
రాత్రిళ్లు వంటింటి గోడ మీద కదిలే వీధిలో
రెండు గదులు, ఒక అటక, పిట్టగోడ సగమే కట్టిన మేడ.
రిజిస్ట్రేషన్ అయ్యాక చేతిలో మిగిలింది
పదకొండు వేల చిల్లర,
ఒక వంద పేజీల నోటుబుక్కు.

మొదటి పేజీ: సున్నం రెండు బస్తాలు,
తుమ్మజిగురు పావుకిలో, నీలిమందు చిటికెడు.
కుంచెకి డబ్బుల్లేక చీపురే కుంచె అయింది.
దేముడుబాబు స్టూలెక్కి పూస్తే మూడు గోడలు మాట విన్నాయి.
సముద్రం వైపు గోడ తాగి తాగి
నాలుగోనాటికి తెల్లగా పొక్కులు కక్కింది.
మేస్త్రీ కోటేశు వేలితో గీరి, నాలిక్కి రాసుకుని
"ఉప్పు" అన్నాడు.
"దీన్ని గెలవలేవమ్మా, దీంతో కాపరం చెయ్యాల."
సలహాకి ఏమీ పుచ్చుకోలేదు. టీ, పది రూపాయలు.

వంటింటికి కిటికీ లేదు.
గాజువాక దారిలో, విరిచిన ఓడల సామాను అమ్మే చోట
గుండ్రటి కిటికీ దొరికింది.
ఏ సముద్రాలు చూసిందో అని నేను,
ఎంత బరువుందో అని ఆయన.
ఇంటికి తెచ్చి చింతపండుతో తోమితే
ఇత్తడి కాదు, ఇనుము మీద పూత.
అయినా బిగించేశాం.
ఇప్పుడందులోంచి చూస్తే
అసిరమ్మ గారి బట్టల తీగ
ఎప్పుడూ మునిగిపోతున్నట్టే ఉంటుంది.

చేపల పెట్టెల చెక్కలు హార్బర్లో ఊరికే ఇచ్చారు,
ఆటోవాడు ఊరికే తేలేదు.
సోడా నీళ్లతో కడిగి, ఎండబెట్టి, పసుపు పూసి
అలమర చేశాం. వాన పడ్డ రోజున మాత్రం
దానికి వంజరం గుర్తొస్తుంది.
ఎక్కడిదో పిల్లి వచ్చి
ఎదురుగా కూర్చుని దణ్ణం పెడుతుంది.

ఆ పిల్లికేం తెలుసు, అందులో ఉన్నవి జాడీలని.
పూర్ణా మార్కెట్లో చీకటిపడే వేళ
దెబ్బ తిన్న కాయలు కిలో ఇరవైకి తెచ్చి
చెక్కు తీసి, తరిగి, ఉప్పులో పడేశాను.
మూడోనాడు పిండి మేడ మీద పరిస్తే
పోర్టు బొగ్గు నలక వచ్చి వాలింది, అతిథిలా, చెప్పకుండా.
పెళ్లినాటి దోమతెర తీసి
నాలుగు ఇటుకల మీద కట్టాను.
ఆయన చూసి నవ్వాడు,
మనకి కట్టుకోడానికి తీరిక లేకపోయింది, దీనికైనా ఉంది అని.
పాడేరు అనాసలు బెల్లం పాకంలో ఉడికాయి,
పాత హార్లిక్స్ సీసాల్లోకి దిగాయి.
ఒకటి అడుగంటింది. దాన్నే ముందు తిన్నాం.

అటక దులుపుతుంటే చేతికి తగిలింది
గుడ్డ కట్టిన చిట్టి జాడీ, ముడి మీద ముడి.
లోపల నిమ్మకాయలు,
నల్లగా, రేగుపళ్లంతకి కుంచించుకుపోయి,
చుట్టూ ఉప్పు రాళ్లై.
ఇల్లు అమ్మినావిడకి ఫోన్ చేస్తే
"మా అత్తగారు వేసినవి. ఆవిడ పోయే తొమ్మిదేళ్లయింది.
పారేయండమ్మా" అంది.
తర్వాత కాసేపు ఫోన్ పెట్టెయ్యలేదు.
నేనూ పెట్టెయ్యలేదు.

ఆగస్టులో ఆయనకి జ్వరం దిగి
నోరు చేదెక్కితే
గంజిలో ఒక్క రేక నలిపి ఇచ్చాను.
మాట్లాడకుండా గిన్నె అడుగు వేలితో తుడుచుకున్నాడు.
"ఇంకా ఉన్నాయేటి?"

ఆ రాత్రి నోటుబుక్కు తీశాను.
నిమ్మకాయ, ఒకటి.
జమలో రాయాలా, ఖర్చులోనా?
పెన్ను పట్టుకుని ఉండగానే
సముద్రం గోడ ఇంకో పొక్కు రాల్చింది,
సరిగ్గా మాగాయ జాడీ మూత మీద.
తుడిచాను. కింద పడ్డది ఊడ్చాను.
చీపురు సున్నం దెబ్బకి పుల్లలైపోయింది.
రేపు కొనాలి.
ముప్పై అయిదు.