ఉన్నది ఉన్నట్టు

రండి, తల వంచి రండి, రేకు కిందకుంది.
దాసన్నపేటలో ఇల్లు దొరకడం కష్టమయిందా?
"కారు లేని కారు షెడ్డు" అని అడగాల్సింది,
రిక్షావాళ్ళు కూడా చెప్తారు.

ఇదే మీరడిగిన బండి.
హిందుస్తాన్ ఫోర్టీన్, యాభైమూడు మోడల్.
బండి అనడం నా మర్యాద.
ఇటుకల దొంతుల మీద ఒక డొక్కు,
గోడవారన పన్నెండు గోనెసంచులు,
కలిపి చూడగలిగితే కారు.
మీది సాలూరు కదా, లారీలు చూసిన కళ్ళు,
మీకు కనబడుతుంది.

తొంభై శాతం అయిపోయిందని చెప్పను.
ఈ బేరాల్లో అందరూ చెప్పే అంకె అది.
నాకూ అదే చెప్పేరు గజపతినగరంలో
రైసుమిల్లు లగుడు సోమునాయుడు గారు,
పద్నాలుగేళ్ళ కిందట, బానెట్ మీద ఊక దులుపుతూ.
మిగిలిన పది శాతంలోనే
నా జుత్తు నెరిసింది.

జూట్ మిల్లులో ఫిట్టర్ని నేను.
మిల్లు నడిస్తే చేతిలో డబ్బు, చేతికి ఖాళీ లేదు.
లాకౌటు పడితే చెయ్యంతా ఖాళీయే.
ఆ రెంటి సందులో దూరి
ఒక్కో బోల్టూ బిగించేను.
గేర్‌బాక్సు రెండో లాకౌటులో.
బ్రేకు డ్రమ్ములు, బోనసు ఇచ్చిన ఏడు.
బాడీకి రెడాక్సైడు కొట్టిన వారానికే
హుద్‌హుద్ వచ్చి రేకులు లేపేసి
నాకంటే నున్నగా గీకేసింది.

ఏడో సంచి ఒక్కరే ఎత్తకండి, క్రాంక్‌షాఫ్టు అది.
హార్లిక్స్ సీసాల మీద చీటీలు మా ఆవిడ రాత.
నేను చెప్తుంటే తను విన్నట్టు రాసింది.
"కార్బరేటరు సూది" అంటే సూదే.
"దీనికి పేరు లేదంట" అని ఒక సీసా ఉంది,
దాన్ని మాత్రం పారేయకండి,
ఎప్పుడు తక్కువ పడినా అందులోవే.

ఆగండాగండి, వెనక సీటు స్ప్రింగుల్లో చెయ్యి పెట్టకండి.
పెట్ట పొదిగింది.
పదమూడు గుడ్లు, ఇవాళ్టికి పదకొండో రోజు.
అడ్వాన్సు ఇచ్చి వెళ్ళండి, బండి పదిరోజులాగి పట్టుకెళ్ళండి.
నవ్వకండి.
ఈ షెడ్డులో తేదీకి పని ముగించేది
అదొక్కటే.

"కాటా మీద పెట్టీసి ఇచ్చీండి, పీడా వొదిలిపోద్ది"
అంది కదా గుమ్మంలోనే,
ఆ మాట పట్టుకుని బేరం మొదలెట్టకండి.
పోయిన నెల విశాఖ నుంచి ఒక హోటలాయన వచ్చేడు.
ముందు ముక్కు మట్టుకు కోసి ఇమ్మన్నాడు,
గోడకి తగిలించి లోపల దీపాలు పెడతాడట.
మీకంటే ఆరువేలు ఎక్కువన్నాడు.
టీ ఇచ్చి పంపించేను.

బేటరీ తెచ్చేరా? ఇలా ఇవ్వండి.
ఎర్ర తీగ అటు.
ఇప్పుడా మీట ఎడమకి తిప్పండి.

చూసేరా,
తలుపు పక్క స్తంభంలోంచి లేచింది చిన్న చెయ్యి,
వేలెడు పొడుగు, నారింజ వెలుగు.
తిరుగుతానని అప్పటి బళ్ళు అలా చెప్పేవి,
క్లాసులో పిల్లాడు లేచి అడిగినట్టు.
కుడిది మూడేళ్ళు పోరేను, లేవలేదు.
ఎడమకే తిరగగలరు మీరు,
తిరిగి తిరిగి మళ్ళీ ఈ వీధికే వస్తారేమో.

ఇదిగో, నోటుబుక్కు. దీనికి డబ్బొద్దు.
మొదటి ఇరవై పేజీలు నా రాత కాదు, సోమునాయుడు గారిది,
వడ్ల బస్తాల లెక్కల మధ్య వాల్వుల కొలతలు.
తరవాతవి నావి, నూనె మరకలవి.
ఆఖర్న తెల్లకాగితాలు చాలానే ఉన్నాయి.
ఏటండీ, అప్పుడే పెన్ను తీసేరు?
ముందు బండి ఇంటికి చేరనివ్వండి.

ఇంకో మాట, మర్చేపోయేను.
ఇటుకలు బేరంలో లేవు.
జాకీ ఎదురింటి కిలపర్తి రామ్మూర్తిది,
రెండ్రోజులని తెచ్చి ఏడేళ్ళయింది.
బండి దిగ్గానే
ఇచ్చేయాలి.