మూడో గుండ్రం దాటాక

రోటీ ఎక్కడ బావుంటుందని అడిగారు కదా,
ఎక్కండి, దారిలో చెప్తాను.
సంచి ఒళ్లో పెట్టుకోండి.
హెల్మెట్ పట్టీ తెగింది, చేత్తో పట్టుకోవాలి.

యాలా గుండ్రంగా వేసిన ఊరు.
పెద్ద గుండ్రంలో చిన్న గుండ్రం, దాన్లో ఇంకోటి.
దారి తప్పినవాడు కూడా తిరిగి తిరిగి
బయల్దేరిన చోటికే వచ్చి నిలబడతాడు.
పదహారేళ్లుగా తిరుగుతున్నాను, నాకు తెలుసు.

స్టేషన్ ఎదుట రంగు దీపాల కొట్టుంది, అక్కడ ఆగొద్దు.
అరటిపండు, చాక్లెట్, పైన తళుకు పలుకులు,
అది రోటీ కాదు, ఎవరిదో పుట్టినరోజు.

మూడో గుండ్రం దాటాక, మసీదు వెనక సందు.
బోర్డు ఉండదు.
రేకు కింద నాలుగు బల్లలు,
రాత్రి రెండింటికి లేచి రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి
పాలు పట్టి వచ్చినవాళ్లు
తలకు కట్టుకున్న దీపాలు తీయడం మరిచి కూర్చునుంటారు.
వాళ్ల చొక్కాల పులిసిన వాసనే మీకు గుర్తు.

అక్కడ కక్ రోకియా.
రాత్రంతా నూనెలో నానిన పిండిముద్దను
అరచేత్తో అణిచి, అంచు పట్టి విసురుతుంది.
ఒకసారి, రెండోసారి,
మూడోసారికి దాన్లోంచి అవతలి మనిషి మీసం కనిపిస్తుంది.
మడత మీద మడత, పెనం మీద చుయ్.
కాలాక రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టి పొరలు విప్పుతుంది,
ఎవరో ఎక్కడో నెగ్గినట్టు.

చక్కెర, డబ్బాపాలు పోయించుకుంటారో
మాంసం కూర గిన్నె తెప్పించుకుంటారో మీ ఇష్టం.
నేనైతే మొదటిది కూరతో, రెండోది చక్కెరతో
తినేవాణ్ణి.

టీ లాగేది యాకరియా.
చా చక్ అంటాం ఇక్కడ, చక్ అంటే లాగడమే.
కుడి చెయ్యి రేకుకు తగిలేంత పైన,
ఎడమ చెయ్యి మోకాలి దగ్గర,
నడుమ ఇటుక రంగు తాడు.
ఒక్క చుక్క కింద పడదు.
వాడి చూపు మాత్రం టీ మీద ఉండదు,
చూరుకు వేలాడే పంజరం మీద.
అందులో గువ్వ.

ఆ గువ్వ సంగతి అడక్కండి.

అడగలేదా? అయినా చెప్తాను.
పోయినేడు కూత పందెం.
ఒక గడ కొసన నాది, పక్క గడ కొసన వాడిది.
నాది ఐదుసార్లు కూసింది,
గొంతు జీరబోకుండా, చివర గంట మోగినట్టు.
వాడిది నాలుగే.
కింద పెన్సిలు పట్టుకు తిరిగినవాడు వాడి బావమరిది.
కప్పు వాడికిచ్చారు.
నలుగురిలో నేనో మాట అన్నాను.
ఆ మాట ఇక్కడ చెప్పను, మసీదు దగ్గరికొచ్చాం.

అప్పట్నుంచి వేరే కొట్టులో
ప్లాస్టిక్ సంచిలో కట్టిచ్చే టీ తాగుతున్నా.
ఎత్తు ఎరగని టీ.
పోస్తారు, అంతే.

పోయిన నెల నా గువ్వ చచ్చిపోయింది.
ఎవరికీ చెప్పలేదు.
మర్నాడు మావాడు బడి నుంచి పొట్లం తెచ్చాడు,
రెండు రోటీలు,
ఒకటి కూరతో, ఒకటి చక్కెరతో.
కాల్చింది ఆవిడే.
కాగితం మడత మాత్రం వాడిది,
రాత్రి పంజరం మీద గుడ్డ కప్పినట్టు
నాలుగు మూలలూ లోపలికి.

ఇదే సందు. దిగండి, లోపలికి బండి తిరగదు.
తిరుగుతుందనుకోండి, పోనివ్వండి.
ఇరవై బాత్‌లు.

గోడవారన మూడో స్టూలు వదిలేయండి, దానికో కాలు పొట్టి.
దాని మీద ఎటు ఒరిగి కూర్చోవాలో
ఒక్కడికే తెలుసు.
ఎవరు దింపారని వాడడిగితే నా పేరు చెప్పొద్దు.
అడక్కపోతే,
రెండో గ్లాసు తాగేటప్పుడు చెప్పండి.

నేనా? ఇక్కడే కాసేపు ఉంటాను.
ఇంజను ఆపను.
ఈ బండికో రోగముంది,
ఒకసారి ఆపితే
ఎవరో ఒకరు వెనకనుంచి తోస్తేగానీ కదలదు.