తెలుపు మీద మరక

ఇన్నిస్‌ఫెయిల్‌లో, జాన్‌స్టన్ నది ఒడ్డున
కౌన్సిల్ వరద పటం పరిచి కూర్చున్నాను.
నీలం: నీళ్ళొచ్చే చోటు.
తెలుపు: ఇళ్ళు కట్టుకోవచ్చు.

ఊరంతా ఆంటీ అని పిలిచే వెర్లీ,
మాము వాళ్ళ పెద్దావిడ,
కళ్ళజోడు తీసి పక్కన పెట్టి
కాగితాన్ని వేలితో తడిమింది
చేపకి పొలుసు తీస్తున్నట్టు.
"ఇక్కడ మా అమ్మమ్మ ఈల్ చేపలు పట్టేది.
వానాకాలం మాత్రం ఎవరం పడుకోం ఇక్కడ."
వేలు ఆగింది తెలుపు మీద.

ఎర్ర సెడార్ దుంగలు ఈ నీళ్ళమీదే పోయాయి.
ఆ తర్వాత చీనా తోటల అరటిగెలలు, పడవల నిండా.
ఆ తర్వాత చెరుకు,
చెరుకు కొయ్యడానికి ఇటలీ నుంచి దిగిన చేతులు.
అడవిని నరికినవాళ్ళంతా
మధ్యాహ్నం అన్నానికి
మిగిలిన అడవి నీడకే వచ్చి కూర్చున్నారు.

ఒకసారి తుఫాను ఊరిని చేటలో చెరిగి పోసింది.
సిమెంటుతో మళ్ళీ లేపారు,
గోడల మూలలు గుండ్రంగా తిప్పి.
నదికి మాత్రం మూలలు లేవు.

వాన మొదలైంది. ఇక్కడ వానకి వేళాపాళా ఏముంది.
"నీలం పెన్సిలుందా?" అంది.
లేదన్నాను.
కప్పులో అడుగున మిగిలిన టీ
ఆ తెలుపు మీద వొంపేసింది, నిదానంగా, హద్దు చూసుకుంటూ.

ఆఫీసులో మరక అన్నారు.
కొత్త కాపీ తీయమన్నారు.
ఇంకా తీయలేదు నేను.